తాళం వేసే రోజుకి పని మిగల్చకండి

ప్రశ్న: వచ్చే నెల సెలవులకి పదిహేను రోజులు ఊరెళ్తున్నాం. మా వారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, నేను. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం. పోయినసారి ఇలాగే వెళ్లి తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ తెరవలేనంత కంపు, బాత్రూములో మురుగు వాసన, ఇంటినిండా దోమలు. బయల్దేరిన గంటకే మా వారికి గ్యాస్ కట్టామో లేదో అని అనుమానం వచ్చి కారు వెనక్కి తిప్పించారు. తీరా చూస్తే కట్టే ఉంది. ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా సర్దుతూ ఉంటాను, వెళ్లాక మొదటి రెండు రోజులూ తలనొప్పితో పడుకుంటాను. అత్తగారికి షుగరు, ఇన్సులిన్ వేసుకుంటారు. ఫ్రిజ్ ఆపి వెళ్లాలా, ఉంచి వెళ్లాలా? అసలు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: ఆ రాత్రి ఒంటిగంట దగ్గర్నుంచే మొదలుపెడదామండీ. మీరు రాసిన తిప్పల్లో సగం అక్కడ పుట్టినవే. నిద్ర చాలక, ఒకేసారి మూడు పనులు నెత్తిన వేసుకుని ఇల్లు కట్టేసిన మనిషికి గ్యాస్ కట్టిన సంగతి గుర్తుండమంటే ఎలా ఉంటుంది? ఫ్రిజ్ వెనక అరలో మూతపెట్టిన గిన్నెలో ఏముందో చూసే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే ముందుగా చెయ్యగలిగిన పని ఏదీ ఆఖరి రోజు దాకా ఉంచకండి. ఆఖరి రోజుకి తప్పనిసరిగా మిగిలే ఆ కాసిని పనులూ అందరూ పంచుకోండి. అయిదుగురు వెళ్తూ ఒక్కరే సర్దడం ఏమిటసలు? ఎవరి బట్టలు వాళ్లు తీసి మంచం మీద పెట్టడం పిల్లలకి కూడా చేతనవుతుంది. మీరు చూసి పెట్టెలో పెట్టుకుంటే చాలు.

ముందుగా అత్తగారి సంగతి. మీ ఫ్రిజ్ ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు ఆవిణ్ని డాక్టరుకి చూపించండి. తిండి వేళలు మారితే డోసు ఎలా సర్దుకోవాలో అడిగి కాగితం మీద రాయించుకోండి. సూదులు, ఇన్సులిన్ వెంట ఉన్నాయని చిన్న ఉత్తరం, మందుల అసలు పేర్లతో ప్రిస్క్రిప్షన్ కూడా తీసుకోండి. బ్రాండు పేరు ఊరూరికీ మారిపోవచ్చు, అసలు పేరు ఎక్కడైనా పనికొస్తుంది. దేశం దాటి వెళ్లేవాళ్లయితే టీకాల కోసం నాలుగు నుంచి ఆరు వారాల ముందే వెళ్లాలి. పాస్‌పోర్టు గడువు కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే చాలా దేశాలు ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి. టికెట్ మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటిగా ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. స్టేషనుకో ఎయిర్‌పోర్టుకో చేరాక చూస్తే దిద్దుకునే టైముండదు.

ఇన్సులిన్ ఎప్పుడూ చేతి బ్యాగులోనే ఉండాలి. విమానంలో అడుగున వేసే పెట్టెలో పెట్టారంటే అది గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగి మామూలుగా కనిపించినా పనిచెయ్యదు, పారెయ్యాల్సిందే. చల్లగా ఉంటుంది కదా అని ఐస్ ప్యాక్‌కి ఆనించి పెట్టడం, బస చేసే గది ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడకి తగిలేలా పెట్టడం కూడా అంతే. ఎండలో ఆగిన కారులో వదిలేస్తే వేడికి పాడవుతుంది. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు బయట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. మీరు వాడే రకానికి ఎన్నాళ్లో పెట్టె మీద, లోపలి కాగితం మీద ఉంటుంది, అదే ప్రమాణం. తెరవనివి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పదిహేను రోజులకి సరిపడా కాకుండా ఇంకో వారానికి ఎక్కువే తీసుకెళ్లండి, దాన్ని రెండు భాగాలు చేసి ఇద్దరి చేతి బ్యాగుల్లో పెట్టండి.

ఇప్పుడు ఫ్రిజ్. పదిహేను రోజులంటే నా సలహా, ఖాళీ చేసి ఆపెయ్యమనే. అయితే ఆవిడ తెరవని ఇన్సులిన్ ఇంకా ఇంటి ఫ్రిజ్‌లో మిగిలుంటే ఆ మాట వర్తించదు. అవన్నీ వెంట తీసుకెళ్లడమో, నమ్మకమైన పొరుగువాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లడమో, లేదంటే మీ ఫ్రిజ్ ఆపకుండా ఉంచడమో చెయ్యాలి. ఊరి హడావుడిలో ఇది మర్చిపోయి స్విచ్ తీసేశారంటే తిరిగొచ్చాక మందు మళ్లీ కొనాలి.

ఆపెయ్యాలనుకుంటే వారం ముందు నుంచే కొత్త సరుకు తేవడం తగ్గించి, ఉన్నవి వాడుకుంటూ రండి. ఫ్రీజర్‌లో మంచు పేరుకునే రకమైతే బయల్దేరే ముందు రోజు పొద్దున్నే ఆపి కరగనివ్వాలి. వెళ్లే గంట ముందు ఆపితే కరిగిన నీళ్లన్నీ నేల మీదికొస్తాయి. లోపలంతా తుడిచి, తడి పూర్తిగా ఆరనిచ్చి, ప్లగ్గు పీకి, తలుపు మూసుకోకుండా మడిచిన తువ్వాలొకటి సందులో పెట్టండి. చాలామంది మర్చిపోయేది ఈ తువ్వాలే. ఆపిన ఫ్రిజ్‌ని బిగించి మూస్తే లోపలి చెమ్మకి నల్ల బూజు పడుతుంది, ఆ వాసన రబ్బరు అంచుల్లోకి ఇంకిపోయి నెలలు పోయినా వదలదు. ఇంకో మాట, ఫ్రిజ్ వెనక అడుగున నీళ్లు పడే చిన్న పళ్లెం ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి లాగి, పారబోసి, రుద్ది, ఆరబెట్టండి. మీ దోమల్లో కొన్ని అక్కడ పుట్టినవే అయ్యుండొచ్చు.

నడిచేలా ఉంచాలనుకుంటే పాలు, కోసిన కూరగాయలు, వండినవి అన్నీ తీసెయ్యండి. ఫ్రీజర్‌లో మాత్రం ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి, ఆ మంచు మీద ఒక నాణెం పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే భయం లేదు. గ్లాసు అడుగున కనిపిస్తే మీరు లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయి, అంతా కరిగి, మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు రుచి చూసి తేల్చుకుందామనుకోకండి, ఫ్రీజర్‌లోవన్నీ పారెయ్యండి. తలుపు తెరవకపోతే కరెంటు లేకుండా కింది ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఆగుతుంది. పోయినసారి మీ ఇంట్లో జరిగింది ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

బాత్రూము వాసనకి కారణం ఇంకా సులువు. జాలీ కింద గొట్టం వంపు తిరిగిన చోట కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, మురుగు గాలి పైకి రాకుండా ఆపేది అవే. రెండు వారాలు ఎవరూ నీళ్లు పొయ్యకపోతే, అందులోనూ వేడి రోజులైతే, ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఇక గాలికి, పురుగులకి దారి తెరిచినట్టే. బయల్దేరే ముందు ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్లు పోసి, పైన ఒకటి రెండు చెంచాల వంటనూనె వదలండి. నూనె పైన తేలి నీళ్లని ఆవిరి కానివ్వదు. ఎక్కువ వాడని రెండో బాత్రూము, వంటింటి బయటి సింకు మర్చిపోకండి. కమోడ్ మూతలు దించి వెళ్లండి. ఒకవేళ మర్చిపోయి వాసనొచ్చినా కంగారు పడక్కర్లేదు, అన్నింట్లో నీళ్లు పోసి కిటికీలు తీస్తే కాసేపట్లో పోతుంది.

దోమల లెక్క కూడా ఇలాంటిదే. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదగడానికి వెచ్చటి వాతావరణంలో 7 నుంచి 10 రోజులు చాలు. మీరు ఊళ్లో ఉండేది పదిహేను. పూలకుండీల కింది పళ్లేలు, బకెట్లు, పూలజాడీ, మూత లేని తొట్టి, ఆకులు అడ్డం పడ్డ బాల్కనీ తూము, వీటిల్లో చుక్క నీరు లేకుండా చూడండి. ఒట్టినే ఒంపేసి బోర్లిస్తే చాలదు, లోపలి గోడలు బ్రష్షుతో రుద్దాలి. ఈ దోమ గుడ్లు గిన్నె గోడకి అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. మొక్కలు ఎండిపోతాయని కుండీల కింద నీళ్లు నిలబెట్టి వెళ్లే అలవాటుంటే మానెయ్యండి. కుండీలన్నీ నీడలో దగ్గర దగ్గరగా చేర్చి, మూత ఉన్న డబ్బాలోంచి నూలు వత్తి ఒకటి మట్టిలోకి పెడితే సరిపోతుంది. లేదా తాళం ఇచ్చిన మనిషినే మధ్యలో రెండుసార్లు పొయ్యమనండి.

ఇళ్లు వదిలి వెళ్లేటప్పుడు అందరూ దొంగలకి భయపడతారు కానీ నాకు ఎక్కువ భయం నీళ్లంటేనే. వాషింగ్ మెషీన్ వెనక రబ్బరు గొట్టం రాత్రీ పగలూ ఒత్తిడి మీదే ఉంటుంది. పాతబడి ఉబ్బినది ఖాళీ ఇంట్లో పగిలితే, కింది వాళ్ల కప్పు తడిసి మీకు ఫోను వచ్చేదాకా తెలియదు. కాబట్టి ఇంటికొచ్చే నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్లండి. అయితే ఆఖరి రోజు దాకా ఆగి దాని మీద చెయ్యి వెయ్యొద్దు. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది, బలంగా తిప్పితే కారడం మొదలుపెట్టొచ్చు. వారం ముందు ఒకసారి తిప్పి చూసుకుంటే ప్లంబరుని పిలిచే వ్యవధి ఉంటుంది. గీజర్ ఆపెయ్యండి. చలికి నీళ్లు గడ్డకట్టే చోట ఉండేవాళ్లు గొట్టాల్లో నీళ్లు పూర్తిగా వదిలెయ్యాలి, హీటింగ్ పూర్తిగా ఆపకుండా తక్కువలో ఉంచాలి.

కరెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టీవీ, కంప్యూటర్, రౌటర్, చార్జర్లు స్విచ్ తీస్తే చాలదు, ప్లగ్గులు పీకండి. పిడుగు పడినప్పుడు వచ్చే ఎక్కువ వోల్టేజీని స్విచ్ ఆపలేదు. కెమెరాలు ఇంటర్నెట్ మీద నడిచేవైతే రౌటర్ ఉంచక తప్పదు. ఫ్రిజ్ నడవాలంటే మెయిన్ స్విచ్ ముట్టుకోకండి.

ఇక మీ వారి గ్యాస్ అనుమానం. దాన్ని వెటకారం చెయ్యకండి, చాలామందికి ఉంటుంది. రోజూ చేసే పని చెయ్యి దానంతటదే చేసేస్తుంది, మనసులో నమోదవదు. అందుకే ఇవాళ కట్టిందీ నిన్న కట్టిందీ కలిసిపోయి కనిపిస్తాయి. దీనికి నేను చెప్పే మందు ఒకటుంది. అనుమానం ఎవరికో ఆఖరి చుట్టు వాళ్లే తిరగాలి. మీరందరూ బయట చెప్పులేసుకుని నిలబడితే ఆయన ఒక్కరే లోపలికెళ్లి రెగ్యులేటర్, పొయ్యి మరలు, నీళ్ల వాల్వ్, వెనక తలుపు గడియ చేత్తో తాకి, "కట్టాను" అని పైకి అనుకుని, ఒక్కోదాన్ని ఫోనులో ఫొటో తీసుకోవాలి. వీధి తలుపు తాళానికి కూడా ఒక ఫొటో. దారిలో అనుమానం వస్తే కారు తిప్పక్కర్లేదు, ఫోను తీసి చూసుకోవచ్చు. ఆ చుట్టు తిరిగేటప్పుడు ఎవరూ ఆయన్ని పిలవకూడదు, వాటర్ బాటిల్ ఎక్కడ పెట్టారని అడగకూడదు.

తాళంచెవి గురించి మీరడగలేదు కానీ చెప్పాలి. కుండీ కింద, పట్టా కింద, మీటరు పెట్టెలో పెట్టకండి. దొంగ ముందు చూసేవి అవే. నమ్మకమైన మనిషికి ఒకటిచ్చి, మెయిన్ వాల్వ్, మెయిన్ స్విచ్ ఎక్కడున్నాయో వాళ్లకి దగ్గరుండి చూపించండి. ప్లంబరు, కరెంటు పనివాళ్ల నంబర్లు రాసివ్వండి. పేపరు, పాలు ఆపించండి. పట్టపగలు వెలిగే వరండా లైటు "ఇంట్లో ఎవరూ లేరు" అని బోర్డు పెట్టినట్టే. టైమరు పెట్టి సాయంత్రం వెలిగి రాత్రి ఆరేలా చేసుకోండి. ప్రయాణం ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకున్నా లైకులు అవే వస్తాయి, పిల్లలకి ఈ మాట గట్టిగా చెప్పండి.

మీ తలనొప్పి దగ్గరికొద్దాం. నిద్ర లేకపోవడం, బయల్దేరే రోజు సరిగ్గా తినకపోవడం, మధ్యలో బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగకపోవడం, ఈ మూడూ కలిస్తే ఎవరికైనా తలనొప్పి వస్తుంది. మీరు కాఫీ, టీ రోజూ వేళకి తాగే మనిషైతే ఇంకోటి కూడా చూసుకోండి. అలవాటైన కెఫీన్ అందకపోతే 12 నుంచి 24 గంటల్లో తల పట్టేస్తుంది. ప్రయాణం రోజున కప్పులు తప్పిపోయాయేమో గుర్తు చేసుకోండి. ఈసారి పెట్టెలు రెండు రాత్రుల ముందే మూసెయ్యండి. ముందు రోజు సాయంత్రం ఖాళీగా వదిలేసి మామూలు వేళకి పడుకోండి. ఇవన్నీ చేసినా ప్రతి ప్రయాణంలోనూ ఇలాగే మంచమెక్కుతుంటే డాక్టరుకి చూపించండి, అది మైగ్రేన్ కావచ్చు.

పెట్టెలు సర్దేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె అని కట్టకండి. ఇద్దరి బట్టలు రెండు పెట్టెల్లోనూ సగం సగం వేస్తే, ఒకటి దారితప్పినా ఎవరూ కట్టుబట్టలతో మిగలరు. మూసే ముందు లోపలా బయటా ఫొటో తీసి పెట్టుకోండి. పవర్ బ్యాంకు మాత్రం విమానంలో చేతి బ్యాగులోనే ఉండాలి, అడుగున వేసే పెట్టెల్లోకి రానివ్వరు. 100 వాట్-అవర్ల (బ్యాటరీ సామర్థ్యపు కొలత) దాకా మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. అంతకన్నా పెద్దవైతే విమాన సంస్థని ముందే అడగాలి. రైల్లో వెళ్లేటప్పుడు ఎక్కడో పెట్టెలో వేసుకున్నది తిరుగు ప్రయాణంలో గుర్తుండదు, దీన్ని మొదటి రోజు నుంచే చేతి బ్యాగులో ఉంచండి.

నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. అత్తగారిని గంటకో రెండు గంటలకో లేపి నాలుగడుగులు వేయించండి, కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించమనండి. ఆవిడకి కొత్త చెప్పులు కొనివ్వాలనుకుంటే ఇప్పుడే కొని ఇంట్లో అలవాటు చెయ్యండి. షుగరున్న కాలికి పుండు పడినా ఒక్కోసారి నొప్పి తెలియదు. రోజూ రాత్రి పాదాలు చూడమనండి. ఆవిడ చేతి సంచిలో గ్లూకోజ్ గానీ చక్కెర గానీ ఎప్పుడూ ఉండాలి. చెమటలు, వణుకు మొదలైతే షుగరు పడిపోతోందన్నమాట. 15 గ్రాములు ఇచ్చి, 15 నిమిషాలయ్యాక పరీక్ష చేసి చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే ఇవ్వండి. ఈ సంగతి పిల్లలకి కూడా తెలిసి ఉండాలి, ఆ సమయానికి పక్కనుండేది వాళ్లే కావచ్చు.

డబ్బు వ్యవహారం ఒక్క మాటలో చెప్తాను. బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ము మీరు వెళ్లే చోట పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి, రెండు కార్డులు రెండు వేర్వేరు సంచుల్లో పెట్టండి, ఆ పదిహేను రోజుల్లో గడువు పడే బిల్లులు ముందే కట్టెయ్యండి.

ఇంత ముందే అయిపోయాక ఆఖరి రోజుకి ఏం మిగులుతుంది? చెత్త బయట పడెయ్యడం, తాగిన గ్లాసులు కడగడం, జాలీల్లో నీళ్లు, నూనె, వాషింగ్ మెషీన్‌లో తడి బట్ట లేకుండా చూసి మూత తెరిచి ఉంచడం, ప్లగ్గులు, మీ వారి చుట్టు. ఇది అరగంట పని, అదీ అయిదుగురి మధ్య. దీన్ని కాగితం మీద రాసి, ఎదురుగా పేర్లు రాసి, వీధి తలుపు లోపలివైపు అంటించండి. చెత్తకి ఎదురుగా మీ పేరు రాసుకోకండి.

తిరిగొచ్చాక తలుపు తీయగానే లైటు వెయ్యకండి, ముందు గాలి వాసన చూడండి. గ్యాస్ వాసన అనిపిస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా కిటికీలు తీసి బయటికి వచ్చెయ్యండి. అంతా బాగుంటే మెయిన్ వాల్వ్ నెమ్మదిగా తెరిచి, కుళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదలండి. గోరువెచ్చగా నిలిచిపోయిన నీళ్లలో, 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. అది ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది, తాగినప్పటికన్నా షవర్ తుంపర పీల్చినప్పుడే ఎక్కువ. అందుకని గీజర్‌ని 60 డిగ్రీలకి పెట్టి బాగా కాగనిచ్చి, షవర్ కింద ఎవరూ నిలబడకుండా ఆ వేడి నీళ్లు కాసేపు వదిలెయ్యండి. అత్తగారు, పిల్లలు ఆ తర్వాతే స్నానానికి వెళ్లాలి.

మీ తిరుగు టికెట్ ఏ రోజుకి తీసుకున్నారో రాయలేదు. దిగిన మర్నాడే ఆఫీసూ బడీ ఉండేలా తీసుకుని ఉంటే, మార్చుకునే వీలుందేమో ఇవాళే చూడండి, ఒక రోజు ముందే ఇల్లు చేరేలా జరపండి.